బావ ఇంటి మీద టర్కీ ఈక

మంగళవారం, రాత్రి

పొద్దున సుబ్బారావు బావ ఇంటి కప్పు మీద మా టర్కీ కోడి ఈక పెట్టి, రాబందు వాలిందని కేకేశాను. రాబందు వాలిన ఇంట్లో ఉండకూడదంటారు కదా, కాసేపు వణికితే నవ్వుకుందామనుకున్నాను. ఆ వెర్రిబాగులోడు సాయంత్రానికి బాలింత కూతురితో సహా మిరప కల్లంలో పట్టా కిందికి మారిపోయాడు. ఒకటే మంచు.

కప్పు మీది ఈక తీసుకుని కల్లానికి పరుగెత్తాను. "ఒరేయ్ బావా, రాబందు రెక్క ఈక నల్లగా ఉంటుంది. దీనికి తెల్ల చారలున్నాయి చూడు! టర్కీదిరా, నేనే పెట్టాను!"

వాడు ఈక వంక చూడనే లేదు. "అమ్మాయి భయపడుతోందని అబద్ధమాడుతున్నావు. నీకింత జాలుందనుకోలేదు బావా," అని కళ్లు తుడుచుకున్నాడు.

నా దుప్పటి ఇచ్చి వచ్చాను. తెల్లారగానే ఆ టర్కీనే చంకన పెట్టుకెళ్లి చూపిస్తాను. ఈలోగా ఆ పసిగుడ్డుకేమన్నా అయితే...