ఏ చేతికైనా అందేలా

ఆదివారం రాత్రి

కార్వేటినగరంలో మామ బావిలో డైవింగ్ చేస్తుంటే, నీళ్ళ అడుగున ఇవాళ నా పెద్ద లైటు ఆరిపోయింది. అందులో వింతేం లేదు, అందుకేగా స్పేర్ లైట్లు రెండు పెట్టుకునేది. కుడిచేతి వాటం కదా అని, రెండింటినీ నడుము బెల్టుకు కుడివైపే తగిలించాను. సరిగ్గా ఆ కుడిచెయ్యే పాత మోటారు తాడులో చిక్కుకుంది. ఎడమచెయ్యి అటువైపు అందలేదు. నాతో జోడీగా దిగిన, నా డైవింగ్ స్నేహితుడు గిరి తన లైటు వేసి, తాడు విడిపించాడు. వాడు పక్కన లేకుంటే... వద్దు, అది రాయను.

పైకి రాగానే నాయన నా మణికట్టు మీద ఒరుసుకుపోయిన చోటు చూశాడు. "సాలు పాపా. ఇంక దిగొద్దు," అన్నాడు.

నేను మానను. సముద్రంలో మునిగిన ఓడ లోపలికి వెళ్ళాలంటే ముందు ఈ బావిలో నేర్చుకోవాలి. తప్పు బావిది కాదు, నేను లైట్లు పెట్టిన చోటుది. తిరుపతిలో ఇంటికి రాగానే వాటిని విప్పి, ఛాతీ మీద రెండు భుజం పట్టీలకూ ఒక్కొక్కటి తగిలించి, ఊగకుండా రబ్బరు బ్యాండ్లు వేశాను. చిక్కుకున్న తాళ్ళు కోయడానికి పిక్కకు కట్టుకునే కత్తిని నడుము ముందుకు తెచ్చాను. అన్నీ తొడుక్కుని గదిలో లైటు ఆపేశాను.

"కరెంటు పోయిందా పాపా?" హాల్లోంచి నాయన.

"లేదు నాయనా, నేనే ఆపినాను. లైట్లు యాడ పెడితే అందుతాయో సూస్తా ఉండా."

ఆయన చీకట్లోనే లోపలికి వచ్చి, నా కుడిచేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడు తియ్యి, సూద్దాం."

ఎడమచేత్తో తీసి వెలిగించాను. ఆయన పట్టు వదల్లేదు.

"ఇంగోసారి," అన్నాడు.