సెకండ్ షిఫ్టు భోజనాలు

జూలై 2, 1974 – మంగళవారం

మళ్ళీ నేనూ మా అమ్మాయి వసూ ఇద్దరమే తిన్నాం. ఆయనకి సెకండ్ షిఫ్టు... మధ్యాహ్నం రెండుకి ఎక్కితే రాత్రి పదికి దిగడం. వసు బడి తెరిచేదాకా ఆయనది జనరల్ షిఫ్టే, పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం. నేను నాంపల్లిలో ఆఫీసు నుంచి రైలు దిగి వచ్చేసరికి ఇంట్లో ఉండేవారు. "ఫ్యాక్టరీ వాళ్ళు వేశారు, ఏం చేస్తాం" అంటారు, నా మొహం చూడకుండా. నేను ఉద్యోగంలో చేరేటప్పుడు మేం పెట్టుకున్న షరతు ఒక్కటే – ఏమైనా సరే, రాత్రి అన్నం ముగ్గురం కలిసే. ఆ మాట అన్నది ఆయనే.

జూలై 5 – శుక్రవారం

ఆయన కంచం పొడిగా ఉంది. నేను పొద్దున బోర్లించి వెళ్ళింది వెళ్ళినట్టే. గిన్నెలో అన్నం మాత్రం లేదు. తినే డ్యూటీకి వెళ్ళానంటారు. దేంట్లో తిన్నట్టు?

జూలై 8 – సోమవారం

ఇంటావిడ మల్లమ్మ ఊరికే మాట్లాడే మనిషి కాదు. బావి దగ్గర చేదతో నీళ్ళు తోడుతూ – "మీ ఆయన పన్నెండు గాకముందే కారియర్ వట్టుకొని పోతడేందమ్మా? డ్యూటీ రెండింటికి గద. ఫ్యాక్టరీ గీ దిక్కుంటే సైకిలు గా దిక్కు వోతది."

ఏదో పని ఉందేమోలే అన్నాను. రైల్లో కూర్చున్నంతసేపూ అదే. ఆఫీసులో టైపు కొట్టిన కాగితం రెండుసార్లు తిరిగొచ్చింది.

జూలై 9

ఆయన సైకిలు సంచీలో మోదుగాకు విస్తళ్ళ కట్ట. ఒక్కరికైతే కట్ట ఎందుకు? ఎవరితో కూర్చుని తింటున్నారు, నేను తెల్లవారకముందే లేచి వండిన అన్నం?

జూలై 14 – ఆదివారం

ముగ్గురం తిన్నాం. వంకాయ కూర వడ్డిస్తుంటే తండ్రీ కూతురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఎందుకే అంటే ఏం లేదమ్మా అంది వసు. రెండో క్లాసు పిల్ల, నా ముందే దాచడం నేర్చింది. ఆయన నేర్పారు. అంటే దానికీ తెలుసు. నేను కంచం పక్కకి జరిపి లేచాను.

జూలై 16 – మంగళవారం

స్టేషన్ దగ్గర యాదగిరి కనిపించాడు. ఆయన సెక్షనే, నానక్‌రామ్‌గూడ నుంచి వస్తాడు. దణ్ణం పెట్టి మరీ – "సార్ పుణ్యాన నాకు జనరల్ షిఫ్టు దొరికింది వదినె. ఇగ పొద్దుగూకంగనే ఇంటికొచ్చి మా పోరగాండ్లతోని కూసోని తింటున్న."

"ఆయన ఇచ్చారా?"

"ఆయనే గద, మార్చుకుందమా అని అడిగిండు. మీకు చెప్పలేదా?"

చెప్పారన్నాను. ఎందుకన్నానో తెలియదు.

వాళ్ళు వేయలేదు. అడిగి తీసుకున్నారు.

జూలై 18 – గురువారం

పొద్దుటి పూటకి హాఫ్ డే సెలవు పెట్టి, స్టేషన్ దాకా వెళ్ళి పదకొండున్నరకల్లా వెనక్కి వచ్చేశాను. ఇంటికి రాకుండా వీధి మలుపులోనే నిలబడ్డాను. కారియర్ ఒలక్కుండా సైకిలు మెల్లగా వెళ్ళింది. వెనకే నడిచాను, కొంగు తల మీదికి లాక్కుని, దొంగలాగా. సైకిలు వసు బడి వెనక ఆగింది. అక్కడ పెద్ద బండ, దాని నీడలో రెండు విస్తళ్ళు. వసు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయన కలిపి పెడుతున్నారు, అది నోటి నిండా అన్నంతో ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతూ. రాత్రి నా ఎదుట కూర్చుంటే ఆకలి లేదనే పిల్ల.

అనుకున్న ఆడమనిషి లేదు. గుండె తేలికపడాలి కదా... పడలేదు. అసూయ. కన్నకూతురి మీద. కనపడకుండా వెనక్కి వచ్చేశాను.

జూలై 21 – ఆదివారం

అడిగేశాను. వసు మల్లమ్మ ఇంట్లో ఆడుకుంటోంది.

ఆయన చెప్పింది ఇదీ – బడిలో చల్లారిన డబ్బా ఒక్కతే కూర్చుని తినలేక వసు రోజూ కుక్కకి వేసేస్తోందట. పంతులమ్మ ఆయన్ని పిలిచి చెప్పిందట.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఉద్యోగం మానేస్తావు."

"రాత్రి కలిసి తింటామన్న మాటో మరి?"

"ముగ్గురం కూర్చునేవాళ్ళం నిజమే. నువ్వు అలసిపోయి, నేను అలసిపోయి, అది కునికిపాట్లు పడుతూ. ఏ రోజైనా మాట్లాడుకున్నామా?"

నాకు కోపం వచ్చింది. ఉద్యోగం మానకూడదనుకున్నది నా కోసమా, నా జీతం కోసమా? ఇదీ అడగాలనిపించింది. అడగలేదు. ఇన్నాళ్ళూ ఇంత సులువుగా అబద్ధమాడిన మనిషి ఏది చెప్పినా నేను నమ్మగలనా?

"నువ్వు ఊఁ అంటే మళ్ళీ జనరల్ తీసుకుంటాను. మంగళవారం లోపు యాదగిరికి చెప్పాలి" అన్నారు.

జూలై 22 – సోమవారం

నేను ఊఁ అంటే యాదగిరి తన పిల్లల పక్క వదిలి మళ్ళీ సెకండ్ షిఫ్టుకి పోవాలి, వసు మళ్ళీ ఒక్కతే. అనకపోతే నేను... రేపటిలోగా చెప్పాలి. ఆయన నా మొహం చూస్తున్నారు, ఇప్పుడు.

జూలై 23 – మంగళవారం

పొద్దున జడ వేస్తూ వసుతో అన్నాను – ఒకరోజు సెలవు పెట్టి నేనూ బండ దగ్గరికి రానా?

తల తిప్పలేదు. కాసేపు రిబ్బను చివర నలుపుతూ ఉంది.

"ఒక్కరోజే కదా అమ్మా?"

ఒక్కరోజేనా అన్న దిగులో, ఒక్కరోజే రమ్మనడమో... గొంతులో తెలియలేదు. మొహం చూద్దామంటే అటు తిరిగి ఉంది. జడ పూర్తి చేసి పంపేశాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, యాదగిరికి ఏం చెప్పమంటావని. రైలుకి టైమవుతోందని మాత్రం చెప్పి వచ్చేశాను.