మూడు పలకలు, ఒక్క ఇర్ఫానా

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, గుట్టకిందపల్లె ప్రాథమిక పాఠశాల ఏకోపాధ్యాయుడు వెంకటకృష్ణ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పాఠశాలకు ముగ్గురు విద్యార్థులను మంజూరు చేయుట, వీలుకాని పక్షమున నలుగురి జట్టు బోధనా పద్ధతి నుండి మినహాయించుట, ఏ పక్షమునైననూ పాఠశాలను మూసివేయకుండుట గురించి.

సూచిక: జట్టు ఫోటోలో పిల్లలకు బదులు పలకలు కూర్చున్నవేమని, పాఠశాలను రోడ్డవతలి బడిలో ఎందుకు విలీనం చేయరాదని అడుగుతూ నాకు అందిన సంజాయిషీ నోటీసు.

పై విషయమై తమరికి సవినయముగా మనవి చేయునది ఏమనగా:

1. మా బడిలో విద్యార్థులు ఒక్కరు. పేరు షేక్ ఇర్ఫానా, నాలుగో తరగతి. తల్లి లేదు. తండ్రి షాకీర్ పెద్దదోర్నాలలో రోడ్డు పక్క హోటల్లో పరోటా మాస్టరు, వీలైనప్పుడు వచ్చిపోతాడు. అమ్మాయి నాయనమ్మ షాహిదాబీ దగ్గర పెరుగుతున్నది. ఉపాధ్యాయులు కూడా ఒక్కరే, అది నేను. ఉదయం ప్రార్థనలో ఇర్ఫానా ప్రతిజ్ఞ చెబితే నేను చెయ్యి చాచి నిలబడతాను. మర్నాడు నేను చెబితే ఆమె నిలబడుతుంది. వరుస తప్పిన దాఖలాలు ఇంతవరకు లేవు.

2. నిరుడు మార్కాపురంలో మాకు కొత్త బోధనా పద్ధతులపై శిక్షణ ఇచ్చారు. టీచరు చెప్పుకుంటూ పోతే పిల్లలు నేర్చుకోరని, నలుగురేసి పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టాలని, ఒకరు నాయకత్వం వహించాలని, ఒకరు రాయాలని, ఒకరు ప్రశ్నలు వేయాలని, ఒకరు లేచి చెప్పాలని, టీచరు నోరు మూసుకుని పక్కన తిరగాలని చెప్పారు. నోటీసు వచ్చింది గనుక మెప్పు కోసం చెబుతున్నానని అనుకోవద్దు, నాకు నిజంగానే నచ్చింది. ఏళ్ళ తరబడి ఒక్కణ్ణే మాట్లాడి మాట్లాడి నా గొంతు నాకే విసుగెత్తి ఉంది.

అయితే నేను చెయ్యెత్తి, "ఒక్క పిల్ల ఉన్న బడిలో జట్టు ఎట్లా కట్టాలి?" అని అడిగినాను. హాలంతా నవ్వారు. శిక్షకుడు మంచివాడే, "మీరు కొంచెం క్రియేటివ్‌గా ఆలోచించండి సార్" అన్నాడు. ఆలోచించిన ఫలితమే తమరు ఫోటోలో చూసినది. పక్క ఊరి పిల్లలను అరువు తెచ్చి ఫోటో తీసి పంపమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. నేనట్లా చేయలేదని గమనించ ప్రార్థన.

3. మొదట్లో జట్టులో నేనే కూర్చున్నాను. బాసింపట్టు వేసుకుని, ఆ పిల్లకు ఎదురుగా. అది కుదరలేదు. నేను నోరు తెరిస్తే అదే సరైన జవాబని రాసేసుకునేది. తెరవకపోతే నా ముఖం చూసి జవాబు పట్టేది. చివరికి ఒక రోజు తనే అంది:

"సార్, మీరు లేచి పోండి సార్. మీరుంటే మేము మాట్లాడుకోలేం."

మేము అంటే ఎవరమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ పిల్ల బీరువా తెరిచి, బడి వదిలిపోయిన పిల్లల పలకలు బయటికి తీసింది. ప్రైవేటు బడిలో నోటుబుక్కులే గాని పలకలు పనికిరావని కొందరు, ఊరే విడిచి కొందరు ఇక్కడే పడేసి పోయారు. మార్కాపురం రాతి పలకలు గనుక చెక్కుచెదరలేదు. చెక్క ఫ్రేముల మీద మేకుతో గీకిన పేర్లు కూడా అట్లే ఉన్నాయి. కిరణ్, యామిని, సుచరిత. కిరణ్ వాళ్ళ బోరు ఎండిపోయి ఇంటిల్లిపాదీ బెంగళూరు కట్టడాల పనికి పోయారు. ఆడపిల్లలిద్దరూ పొద్దున్నే ప్రైవేటు బడి పసుపుపచ్చ వ్యాను ఎక్కుతారు. ఇర్ఫానా ఆ మూడు పలకలనూ ఇటుకలకు ఆనించి గుండ్రంగా కూర్చోబెట్టి, నాలుగో చోట తాను కూర్చుంది. మా బడిలో జట్టు పద్ధతి ఆ విధముగా ప్రారంభమైనది.

4. "సదరు పద్ధతి వల్ల విద్యార్థి అభ్యసనముపైనను, వైఖరిపైనను కలిగిన ప్రభావమేమి?" అని నోటీసులో అడిగారు. ఇది చెప్పగలను. ఇదివరకు ప్రశ్న వేస్తే ఇర్ఫానా గౌను కాలరు నోట్లో పెట్టుకుని నేలచూపులు చూసేది. ఇప్పుడు కిరణ్ చోటికి పోయి కిరణ్‌లా నసుగుతుంది, యామిని చోటికి పోయి కిసుక్కున నవ్వుతుంది, సుచరిత చోట చక్కగా రాస్తుంది, తన చోటికి వచ్చి అందరినీ కేకలేస్తుంది.

"ఏందిరా కిరణ్, నిన్న అంత చెప్పినాను గదా! తలకాయ ఇంటికాడ పెట్టి వచ్చినావా?"

ఆ మాటలు నావే. ఇంత కటువుగా ఉంటాయని నాకు తెలియదు. ఇప్పుడు మానుకున్నాను. కనుక వైఖరిలో మార్పు ఉపాధ్యాయుడికి కూడా కలిగినదని నమోదు చేసుకోగలరు. కిరణ్ పలకకు భాగహారం ఎంతకీ రాకపోవడం వల్ల మళ్ళీ మళ్ళీ చెప్పి చెప్పి ఇర్ఫానాకు బాగా వచ్చింది. షాహిదాబీ ఒక రోజు బడి దాకా వచ్చి ఫిర్యాదు చేసింది.

"సారూ, ఇంట్లో చెంబులూ గిన్నెలూ వరసన పెట్టి పాఠం చెబుతాంది. నన్ను గూడా కూచోబెట్టింది. జవాబు రాలేదని గోడకాడ నిలబెట్టింది సారూ, మోకాళ్ళ నొప్పులున్న దాన్ని!"

ఫిర్యాదే గాని ముఖం వెలిగిపోతూ ఉంది.

5. మొన్న ఇర్ఫానాకు జ్వరం వచ్చి బడికి రాలేదు. నేను యథావిధిగా గంట కొట్టినాను. ఫోన్ యాప్‌లో హాజరు సున్నా అని నొక్కితే "విజయవంతంగా నమోదైంది" అని వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే ఎల్లమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవరికని వండమంటావు సారూ?" అంది. ఆమెను ఇంటికి పంపించేసినాను.

తరువాత ఏమీ తోచక ఇర్ఫానా చోట కూర్చున్నాను. ఎదురుగా మూడు పలకలు. "ఏం కిరణ్, బెంగళూరు ఎట్లుంది? అక్కడన్నా బడికి పోతన్నావా?" అని అడిగినాను. "సుచరితా, వ్యానులోంచి నన్ను చూసి గూడా చూడనట్టు పోతావేందమ్మా?" అని అడిగినాను. ఆ పిల్లకు వచ్చినట్టు వాళ్ళ గొంతులు నాకు రాలేదు. నా మాట గదిలో నాకే వినపడి భయమేసింది. నా భార్య పోయిన తరువాత ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. బడిలో ఉన్న ఒక్క మనిషికీ ఆ రోజు జ్వరం. గంట కొట్టే వేళ అయ్యేదాకా అట్లాగే కూర్చుని, నాకోసం నేనే ఇంటి గంట కొట్టుకుని తాళం వేసినాను. ఈ అంశం నోటీసుకు సంబంధించినది కాదని నాకు తెలుసు. దీన్ని వదిలేసి మిగతాది చదువుకోగలరు.

6. ఇక విలీనం సంగతి. ఆ రోడ్డవతలి బడి మా ఊరికి దగ్గరే, మధ్యలో శ్రీశైలం పోయే రోడ్డు ఉంది. లారీలూ, యాత్రికుల బస్సులూ ఆ రోడ్డు మీద ఎట్లా పోతాయో తమరికి తెలుసు. షాహిదాబీ మాట ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: "ఆ రోడ్డు దాటించి నా బిడ్డను పంపను సారూ. ఈ బడి ఎత్తేస్తే అది ఇంటికాడే ఉంటది. అంట్లు తోముకుంటది." అంటే మా బడి మూసిన రోజే ఇర్ఫానా చదువు ఆగిపోతుంది. చెంబులకూ గిన్నెలకూ పాఠం చెప్పిన పిల్ల వాటిని తోముతూ కూర్చోవడం నేను చూడలేను. ఇందులో నా స్వార్థం కూడా ఉన్నదని ఎవరైనా అంటే కాదనను. నాకూ పొద్దున్నే పోవడానికి ఒక చోటు కావాలి.

కావున తమరు పై సంగతులన్నీ దయతో చిత్తగించవలెను. ముగ్గురు పిల్లలను మంజూరు చేసినా, పలకలనే పిల్లలుగా లెక్కించినా, బడిని మాత్రం ఉన్నచోటనే ఉండనివ్వవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వెంకటకృష్ణ
గుట్టకిందపల్లె

తా.క.: అయ్యా, పైదంతా శుక్రవారం రాసినది. శనివారం రోడ్డవతలి బడిలో మా ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. పిల్లలను కూడా తీసుకురమ్మన్నారు గనుక షాహిదాబీని బతిమాలి, ఇర్ఫానాను స్కూటర్ మీద ఎక్కించుకుపోయినాను. అక్కడ నాలుగో తరగతిలో ఒక జట్టుకు ఒకరు తక్కువ పడ్డారు. ఆ ఖాళీలో మా అమ్మాయిని కూర్చోబెట్టారు.

ఒక రొట్టెను నాలుగు సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్ళీ సగం చేస్తే చిన్న ముక్క రొట్టెలో ఎన్నో వంతు అని ప్రశ్న. ఇర్ఫానా తడుముకోకుండా "ఆరో వంతు" అంది. పక్కనున్న రాజేష్ అనే పిల్లవాడు "కాదు" అన్నాడు.

ఆమె వాడి వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది.

"సార్, వీడు కాదంటన్నాడు సార్."

శిక్షణలో చెప్పినట్టు నేను నోరు మూసుకున్నాను. చాలా కష్టమైంది. రాజేష్ ఒక కాగితం తీసుకుని చింపి చూపించినాడు. "నువ్వు చింపేదే తప్పు" అని ఈమె ఇంకో కాగితం లాక్కుని చింపింది. ఇద్దరూ అరుచుకున్నారు. జట్టులోని ఇంకో పిల్ల ఎగతాళిగా నవ్వింది. ఆఖరివాడు ఇర్ఫానా చింపిన ముక్కలనే లెక్కపెట్టి, "ఎనిమిదేగా ఉండేది!" అన్నాడు. మా అమ్మాయి ఓడిపోయింది. ఏడుస్తుందేమోనని నేను లేచినాను.

నవ్వింది అయ్యా. యామిని చోట కూర్చుని నవ్వే నవ్వు నాకు తెలుసు, అది కాదు. ఇది ఆమె సొంతం. ఇన్నాళ్ళూ దగ్గరుండి చదువు చెప్పినవాణ్ణి, ఆ నవ్వు నేను ముందెప్పుడూ వినలేదు.

తిరిగి స్కూటర్ మీద వస్తూ రోడ్డు దాటినాము. దాటినాక వెనక నుంచి అడిగింది.

"సార్, మన కిరణ్ ఒక్కసారి గూడా నన్ను కాదనలేదు గదా సార్?"

"లేదమ్మా."

"నేను తప్పు చెప్పినప్పుడు గూడానా?"

ఆ పిల్ల తప్పులన్నీ బడి విడిచేముందు నేనే దిద్దేవాణ్ణి. నాతో పోట్లాడాలని దానికి ఎన్నడూ అనిపించలేదు. ఇంటి ముందు దిగి, సంచి భుజాన వేసుకుంటూ, "సోమవారం గూడా వాళ్ళకాడికే పోదామా సార్?" అంది.

ఈ అర్జీ చించేద్దామనుకున్నాను. అందులో రాసినవేవీ అబద్ధాలు కావు గనుక అట్లాగే పంపుతున్నాను. కాని నా కోరిక మార్చుకుంటున్నాను. నేను మంజూరు చేయమన్న ముగ్గురు పిల్లలు దొరికారు. వాళ్ళను ఇక్కడికి పంపనక్కర్లేదు, మా అమ్మాయినే వాళ్ళ దగ్గరికి పంపండి. బడి మూసేయండి.

షాహిదాబీతో ఆదివారమంతా కూర్చుని మాట్లాడినాను. "నువ్వు చెయ్యి పట్టుకుని దాటిస్తానంటేనే పంపుతా" అంది. దాటిస్తానని మాటిచ్చినాను. కనుక నన్ను ఎక్కడికి సర్దుబాటు చేసినా పోతాను గాని, పొద్దునా సాయంత్రమూ ఆ రోడ్డు దగ్గరికి అందుకోగలిగేంత దూరంలో వేయండి.

చివరిగా ఒక చిన్న మనవి. బడి సామాను స్వాధీనం చేసుకునేటప్పుడు బెంచీలూ, బోర్డూ, బీరువా, గంట అన్నీ అప్పగిస్తాను. పలకలు మూడూ మాత్రం ఇంటికి తీసుకుపోవడానికి అనుమతి ఇప్పించండి. నాతో కలిపితే నలుగురవుతాం.