తిరుత్తణి పిన్‌కోడుకు తెలుగు గైడు లేదట

అన్నా,

పోయిన వారం నీ సంవత్సరీకానికి మణవాళనగర్ నుంచి నీ బామ్మర్ది వచ్చాడు. నువ్వు టీవీ రికార్డింగుకు పెట్టుకున్న కంప్యూటర్లో డిస్కు పోయింది. మగ్గం దిగాక వదిన చూసుకునే తెలుగు వంటల కార్యక్రమం అప్పటికి నెలరోజులుగా రికార్డు కావడం లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కదా, మిద్దె మీది డిష్ దిగొచ్చి తనకు దండం పెట్టాలన్నట్టు కూర్చున్నాడు. కొత్త డిస్కు వేసి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కార్యక్రమాల వేళలు తెచ్చే గైడుకు తిరుత్తణి పిన్‌కోడు కొట్టాడు. తమిళ చానళ్ల వేళలన్నీ వచ్చాయి. తెలుగు చానళ్ల ఎదురుగా అంతా ఖాళీ.

"ఈ ఊర్లో తెలుగు ఎవురు జూస్తారు బావా? గైడు కరెక్టే," అన్నాడు ఆ మేధావి.

"జూసేదానికి నేనింకా చావలేదురా," అంది వదిన.

వాడు కాఫీ గ్లాసు పెట్టుకున్నది నీ నోటుపుస్తకం మీద. ఏ చానల్లో ఏది ఎన్ని గంటలకు వస్తుందో, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుందో నువ్వు రోజూ చూసి రాసుకున్న పుస్తకం. వాడికి తెలుగు చదవడం రాదు. అంత పెద్ద చదువు మరి.

వాణ్ణి కుర్చీలోంచి లేపాను. వదిన నీ పుస్తకం చదివింది, నేను టైపు చేశాను. గైడు ఎవరిదని సాఫ్ట్‌వేర్ అడిగితే నీ పేరు కొట్టాను.

ఇప్పుడు ప్రతి రికార్డింగు మొదట్లో నీ పేరు పడుతోంది. ప్రకటనలన్నీ పరిగెత్తించే వదిన, అక్కడ మాత్రం ఆపుతుంది.