స్కాన్ గది కెమేరాకు అంటించిన ప్లాస్టరు

ప్రభుత్వ ఆసుపత్రుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
సిటీ బస్సు డ్రైవరు ఒకడు సమర్పించుకొను అర్జీ.

విషయం: పెద్దాసుపత్రి స్కాన్ గది పైకప్పున గల కెమేరాకు అంటించిన ప్లాస్టరును తొలగించుట గురించి, సదరు ప్లాస్టరును ఒకసారి తొలగించిన మా అమ్మగారిపై జారీ అయిన నోటీసును రద్దు చేయుట గురించి.

అయ్యా,

పై విషయము తమకు విచిత్రముగా తోచవచ్చును. నాకును అట్లే తోచుచున్నది. అయినను జరిగినది జరిగినట్లు ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. నాకు ఎనిమిదేళ్ళ కూతురు కలదు. తలలో నీరు చేరు జబ్బుతో పుట్టినందున, ఆ నీరు కడుపులోకి దిగిపోవుటకు సన్నని గొట్టము అమర్చినారు. పిల్ల బడికి పోతుంది, తాడాట ఆడుతుంది, నాతో పంతాలు పోతుంది. అయితే తలనొప్పి వచ్చి వాంతి అయిందంటే, గొట్టం పూడుకుపోయిందేమోనని వెంటనే తలకు స్కాన్ తీయవలసి యుండును. "తీయక తప్పదు. కానీ ఇది ఒకటి రెండుసార్లతో పోయేది కాదు, బతుకంతా తీయించుకోవాల్సిన పిల్ల. ప్రతిసారీ రేడియేషన్ ఎంత తగ్గిస్తే అంత మంచిది" అని డాక్టరమ్మ చెప్పినారు.

2. సదరు ఆసుపత్రికి కొత్త స్కాన్ మిషను వచ్చినప్పుడు దానితోబాటు ఒక కెమేరా కూడా వచ్చినది. అది మంచానికి సరిగ్గా పైన, కప్పుకు బిగించి యుండును. మనిషి పడుకోగానే ఎంత పొడవు, ఎంత లావు, తల ఎక్కడున్నది చూసుకుని, మంచాన్ని పైకో కిందికో జరిపి మనిషిని మిషను గుండ్రటి చక్రం నడిమధ్యకు తెచ్చును. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టును. ఇది సోకు కొరకు కాదు. మంచం ఎత్తు తప్పితే మిషను మనిషి కొలతను తప్పుగా అంచనా వేసి అక్కరలేనంత రేడియేషన్ ఇవ్వవచ్చునని, లేదా బొమ్మ చెడి మళ్ళీ తీయవలసి వచ్చునని స్కాన్ తీసే ఆపరేటరమ్మ నాకు విడమరచి చెప్పినది. కెమేరా పనిచేసిన రోజుల్లో మా పాప స్కాన్ ఒక్కసారితో ముగిసేది.

3. ఇక మా అమ్మగారి సంగతి. మా వీధిలో ఆమెను హైకోర్టు అందురు. ఆమె తీర్పు చెప్పిన తరువాత పైన అప్పీలు లేదు. కడుపునొప్పి వచ్చి ఆమెను కూడా అదే మిషను మీద పడుకోబెట్టినారు. ఆపరేటరు గది తలుపు ఉక్కపోతకు బార్లా తెరిచి యుండగా, కెమేరా బొమ్మ చూపే లోపలి టీవీ తెర వరండా వైపు తిరిగి యున్నది. ఆసుపత్రి గౌను తప్ప ఒంటిమీద మరేమీ లేని మా అమ్మ, ఆ తెర మీద, వరండా బెంచీల మీద కూర్చున్న మగవాళ్ళందరికీ కనబడినది. పని ముగిసి బయటకు వచ్చిన అమ్మ తెరను చూచినది, బెంచీలను చూచినది.

"ముసలిదాన్ని పడుకోబెట్టి సినిమా ఆడిస్తున్నారా? ఆ టీవీని అటు తిప్పండి. పైన కెమేరా ఉందని మనిషికి ముందే చెప్పండి" అని అక్కడికక్కడే దులిపి, ఫిర్యాదు కూడా రాయించినది.

అయ్యా, ఆ ఫిర్యాదు నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. ఈ మాట ఆమె కొడుకుగా కాదు, ఆడపిల్ల తండ్రిగా రాస్తున్నాను.

4. దానిపై ఆసుపత్రి సూపరింటెండెంటు గారు తక్షణ చర్య తీసుకున్నారు. తెర తిప్పలేదు. తలుపు మూయలేదు. గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు తెప్పించి కెమేరా కంటికి అడ్డంగా అంటించినారు. ఫిర్యాదు పరిష్కారమైనదని రాసుకున్నారు. నా బస్సు అద్దంలోంచి వెనకబండి లైటు కళ్ళల్లో కొడితే నేను అద్దం కాస్త వంచుతాను. అద్దానికి గోనెపట్టా కట్టి బండి నడిపితే తమరు నా లైసెన్సు ఉంచుతారా?

5. ఆ తరువాత పాపకు మళ్ళీ తలనొప్పి, వాంతులు. స్కానుకు తీసుకుపోయాము. నేను తలుపు బయట నిలబడి యుంటిని. తలుపు పైన, స్కాన్ తీసేటప్పుడు వెలిగే ఎర్రదీపము వెలిగినది, ఆరినది. హమ్మయ్య అనుకొంటిని. మళ్ళీ వెలిగినది.

ఆ రెండోసారి నాకు కలిగినదానిని ఏ అంశము కింద రాయవలెనో తెలియక ఇక్కడే రాస్తున్నాను. నేను ఎంత రద్దీలోనైనా బండి ఆపగలను. పసిపిల్లాడు అడ్డం వచ్చినా, కుక్క అడ్డం వచ్చినా ఆపాను. నా పిల్ల ఒక తలుపు అవతల ఉంది, దాని తలలోకి అక్కర్లేనిది పోతోంది, నా కాలి కింద బ్రేకు లేదు.

బయటకు వచ్చిన ఆపరేటరమ్మ నా ముఖం చూడలేకపోయింది. "మంచం ఎత్తు కొంచెం తప్పిందన్నా. బొమ్మ సరిగా రాలేదు. చేత్తో పెట్టలేమని కాదు, ఏళ్ళ తరబడి అట్లాగే చేశాం. కానీ బయట జనం తోసుకుంటుంటే, లోపల పిల్ల ఏడ్చి కదులుతుంటే, ఎంత చూసినా ఎక్కడో తప్పుతుంది. సాయానికి ఒక కన్నిచ్చి, దానికి గంతలు కట్టారు" అన్నది. ఆమెను నేను తప్పు పట్టడం లేదు. తమరూ పట్టవద్దు.

గొట్టం పూడుకుపోయిందని తేలింది. ఆపరేషను చేసి మార్చారు. పిల్ల కోలుకుంది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అమ్మ నన్ను అడిగింది.

"రెండుసార్లు ఎందుకు తీశార్రా?"

చెప్పాను. అమ్మ పాప మీద దుప్పటి సర్దింది.

"నేను తెర తిప్పమన్నాను కదరా?"

"అవునమ్మా."

"మరి నా నోరు తిరగలేదా, వాళ్ళకు చెవులు లేవా?"

6. మరుసటి రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఫిర్యాదుల విభాగానికి వెళ్ళినది. అచ్చట గుమాస్తా గారు మర్యాదగానే మాట్లాడినారు. అదే వచ్చిన చిక్కు. కసురుకుని ఉంటే అమ్మకు పని తేలికయ్యేది.

"మీ ఫిర్యాదు పరిష్కారమైపోయింది పెద్దమ్మా. అయిపోయినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు."

"వెనక్కెందుకు తీసుకుంటాను? నా ఫిర్యాదు నాకుంది. నేనడిగింది చేయమంటున్నాను. తెర తిప్పండి, ప్లాస్టరు పీకండి."

"తెర తిప్పాలంటే వైరు చాలదు. కొత్త వైరుకు మంజూరు కావాలి. ప్లాస్టరంటే వార్డులోనే దొరుకుతుంది."

"సరే నాయనా, ప్లాస్టరు వేశారని కొత్త ఫిర్యాదు రాసుకో."

"ఒకే మనిషి కెమేరా వద్దని ఒకసారి, కావాలని ఒకసారి రాస్తే, మీరు మొదట రాసింది అబద్ధమైపోతుంది కదా."

అమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించినది. "వాన పడుతోంది, గొడుగిమ్మని అడిగాను. నువ్వు నన్ను గదిలో పెట్టి తాళం వేశావు. తాళం తీయవయ్యా అంటే, అసలు వానే పడలేదని రాసిమ్మంటావా?"

గుమాస్తా గారు తల గోక్కుని, ఆ మాట పైవారికి చెబుతానన్నారు. చెప్పారో లేదో తెలియదు. పైవారు ఎవరో కూడా తెలియదు. అందుకే తమకు రాస్తున్నాను.

7. కొత్త గొట్టం సరిగా పనిచేస్తున్నదో లేదో చూచుటకు పాపను మళ్ళీ అదే గదికి తీసుకుపోయాము. పిల్లను పడుకోబెట్టడానికి అమ్మ లోపలికి వెళ్ళినది; లోపల జరిగినది ఆమె తరువాత చెప్పినట్లే రాస్తున్నాను. గది మూల ఊడ్చే ఆవిడ ఆనించిన బూజుకర్ర ఉన్నది. అమ్మ ముందుగా పక్కనే ఉన్న ఆపరేటరు గదిలోకి పోయి వరండా వైపు తలుపు మూసి గడియ పెట్టినది. తరువాత లోపలి దారిన స్కాన్ గదికి తిరిగి వచ్చి బూజుకర్ర అందుకుని, కొస ప్లాస్టరు అంచు కింద దూర్చి, పుండు మీద పట్టీ లాగినంత నెమ్మదిగా లాగినది. కెమేరాకు గీత కూడా పడలేదు.

"అత్తా, నేను చూడలేదు" అన్నది ఆపరేటరమ్మ, గోడకేసి తిరిగి.

"నువ్వు చూడకపోతే ఏంలే, అది చూస్తే చాలు" అన్నది అమ్మ.

మంచం దానంతట అదే కాస్త పైకి లేచి ఆగినది. అమ్మ బయటకు వచ్చి నా పక్కన నిలబడినది. దీపము ఒక్కసారే వెలిగినది. ఒక్కసారే ఆరినది. లోపలి నుంచి పాప గొంతు వినిపించినది: "అప్పుడే అయిపోయిందా? నేనింకా ఊపిరి బిగబట్టే ఉన్నాను!" పోయినసారి రెండు విడతలూ కలిపి పడినదానిలో సగం రేడియేషన్ కూడా ఈసారి పడలేదని ఆపరేటరమ్మ తెర మీద అంకె చూపించినది. గొట్టం బాగుంది. నేను వరండా బెంచీ మీద కూర్చుని, నలుగురూ చూస్తుండగా ఏడ్చాను.

ఆ వారమే మా ఇంటికి నోటీసు వచ్చినది. "ఆసుపత్రి ఆస్తియైన ప్లాస్టరును అనుమతి లేకుండా ధ్వంసము చేసినందుకు" మా అమ్మగారు సంజాయిషీ ఇవ్వవలెనట. కెమేరాకు మళ్ళీ ప్లాస్టరు పడినది. ఈసారి కింద అట్టముక్క కూడా పెట్టినారు. అట్టముక్కకు, ప్లాస్టరుకు, నోటీసుకు దొరికిన తీరిక ఒక వైరుకు దొరకలేదు.

కావున తమరు దయయుంచి ఆ ప్లాస్టరును అట్టముక్కతో సహా తీయించవలెను. తెరను గోడ వైపు తిప్పించవలెను. అందుకు వైరు రానిచో, కొత్త వైరు నేనే కొని తెచ్చెదను. కెమేరా ఉన్నదని, ఎందుకున్నదో, దాని బొమ్మలు ఎవరు చూస్తారో, దాచుకుంటారో లేదో గది బయట పెద్ద అక్షరాలతో రాయించవలెను. ఆడవాళ్ళకు ముందుగా నోటితో కూడా చెప్పించవలెను. అమ్మ అడిగినది ఇదే. నేను అడిగేదీ ఇదే. సిగ్గు కాపాడుకోవాలంటే పిల్లలకు రెండింతల రేడియేషన్ పడాలని, పిల్లలకు తగ్గాలంటే ఆడవాళ్ళు సిగ్గు చంపుకోవాలని ఎవరు పెట్టారయ్యా ఈ లెక్క? ఒక తలుపు మూస్తే రెండూ దక్కుతాయి.

ముందుగా ప్లాస్టరును, తరువాత నోటీసును, తీరికయున్నచో నా బాధను చిత్తగించవలెను.

ఎంత విసిగినను,
తమ విధేయుడు,
సిటీ బస్సు డ్రైవరు

తా.క.: ఈ అర్జీని టపాలో వేయడం లేదండీ. పాపకు గురువారం మళ్ళీ స్కాన్ ఉంది, టపా అందదేమోనని మా అమ్మే తెచ్చి తమ చేతికిస్తుంది. జవాబు తీసుకునే వస్తానని మంచినీళ్ళ సీసా, మందులు సంచీలో సర్దుకుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, దయచేసి ఒక కుర్చీ వేయించండి. వేయిస్తే ఇక లేవదు, నిజమే. వేయించకపోతే మీ గుమ్మం ముందు నేల మీదే కూర్చుంటుంది. అప్పుడు లేవాలనుకున్నా లేవలేదు.