శోకం పెట్టి చూసిన గోడ

పలాస, మంగళవారం

గౌరీ, నేను బాగున్నాను. నువ్వు ఫోనెత్తడం లేదు, అందుకే ఈ కార్డు ముక్క.

మన పెద్దోడు భాను వేటకెళ్ళి సముద్రంలో పోయినప్పట్నుంచి నీ ఏడుపు విని ఊరంతా విసుక్కుంటోందని, పక్కింటికి వినపడని ఇల్లు కొనమన్నావు కదా. ఇక్కడొకటి చూశాను. రెండిళ్ళకీ ఒకటే గోడ. “డప్పు కొట్టినా అవతలికి వినపడదు బావా” అన్నాడు బ్రోకరు. పళ్ళతో పాటు నిజం కూడా ఊడిపోయిన మనిషి వాడు. నేను గోడకి మూతి పెట్టి, ఆడదానిలా “ఓ నాయనో” అని రాగం తీసి శోకం పెట్టాను. రెండో రాగం ఎత్తకముందే పక్కింటామె నీళ్ళచెంబుతో పరిగెత్తుకొచ్చింది.

“ఎవులు పోనారు బాబూ?”

“ఎవులూ పోలేదమ్మా, గోడ సూత్తన్నాను.”

చీపురు తిరగేస్తుందనుకున్నాను. ఆమె గుమ్మంలో కూలబడి, “మాయన పోయి నెల్లాళ్ళయింది. కోడలు నోరెత్తనీదు. నువ్వున్నంతసేపూ ఇక్కడ ఏడిసి పోతాను” అంది. ఆమె ఏడుపయ్యేదాకా నేనూ బ్రోకరూ బయట మెట్టు మీద కూర్చున్నాం. నాకు నవ్వు రాలేదు.

ఎండుచేపలు వానకి తడవకుండా లోపల పెట్టావా? ఉమ జ్వరం తగ్గిందా? మాత్రలు మానిపించకు.

అడ్వాన్సు ఇవ్వలేదు. నువ్వొచ్చి చూసి వద్దంటే కోటబొమ్మాళిలో వెతుకుతాను. వెళ్ళేటప్పుడు ఆ గోడ ఎందుకు చూశానో ఆమెకి చెప్పాను. నీ పేరడిగింది. భాను పేరూ అడిగి, రెండుసార్లు పలికింది.

ఉమకి నా దీవెనలు.

ఢిల్లీరావు