ముప్పై ఏడో మెట్టు

కీలుంగ్
మార్చి 10

గౌరవనీయులైన వెంగ్ బాబాయ్ గారికి,

చియెన్ రూయ్-హాన్ నమస్కారాలు. మీకు నేనెవరో తెలియదు. గత సెప్టెంబరులో మీరు ఖాళీ చేసిన కుర్చీలో జనవరి నుంచి కూర్చుంటున్నదాన్ని. కుర్చీ ఎడమవైపుకి ఒరిగి ఉంది. నేనూ దానితోపాటే ఒరుగుతున్నాను.

ఫోన్ చేద్దామంటే మేనేజర్ యెన్ గారు నవ్వారు. "ముప్పై ఒక్కేళ్లు ఆయనే ఫోనెత్తాడమ్మా. రిటైరైన రోజున ఫోను నా చేతిలో పెట్టి, ఇక ఉత్తరం రాస్తేనే పలుకుతానని పడవెక్కి సొంత దీవికి పోయాడు" అన్నారు. అందుకని జీవితంలో మొదటిసారి స్టాంపు కొన్నాను.

విషయానికి వస్తాను. రేవుల్లో పడవల వేళలు చూపించే బోర్డుల ప్రోగ్రాం మనదే కదా. వేసవి వేళలు మన సముద్రపు తల్లి మాజు అమ్మవారి పుట్టినరోజుకి, అంటే ఏప్రిల్ ఇరవైకి, బోర్డుల మీదికి రావాలి. రాకపోతే ఈ పని తైపేలో వేరే కంపెనీకి ఇచ్చేస్తామని రేవు ఆఫీసువాళ్లు చెప్పేశారు. అదే జరిగితే మన ఏడుగురమూ ఇంటికే. కోడ్ రాయడం ఎప్పుడో అయిపోయింది. ఆ ముక్కలన్నిటినీ కలిపి ఒక్క ప్రోగ్రాంగా కట్టే బిల్డ్ మాత్రం అవడం లేదు. వెనక గదిలో ఆ పని చేసే మిషన్, మన ముసలాయన, మార్చి ఒకటి నుంచి మొండికేశాడు. ముప్పై ఆరు మెట్లు చకచకా ఎక్కుతాడు. ముప్పై ఏడో మెట్టు దగ్గర "తేదీ దాటింది" అని ఒక్క మాట చెప్పి కూర్చుండిపోతాడు.

ఏ తేదీ? లైసెన్సులు చూశాను, సర్టిఫికెట్లు చూశాను, గడియారం చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ మెట్టు లోపల ఏముందో చూద్దామంటే దాని అసలు కోడ్ ఎవరి దగ్గరా లేదు. పక్కన ఒకే ఒక్క వాక్యం ఉంది, "దీన్ని ముట్టుకోవద్దు" అని. కింద మీ పేరు. పోనీ దాన్ని తప్పించి ముందుకు పోదామంటే యెన్ గారు ఒప్పుకోవడం లేదు. వెనకటికి ఎవరో ముట్టుకుంటే మూడు రోజులు ఆఫీసంతా చేతులు కట్టుకు కూర్చుందట.

ఇక్కడ పది రోజులుగా వాన. కిటికీలోంచి చూస్తే ఓడలు సగమే కనిపిస్తున్నాయి. మిగతా సగం ఉందో లేదో తెలియదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
చియెన్ రూయ్-హాన్

తా.క. మీ డ్రాయర్లో ఒక చెప్పు దొరికింది. ఒక్కటే. పంపించమంటారా?


నాన్‌గాన్ దీవి
మార్చి 16

చిన్న చియెన్‌కి,

నీ ఉత్తరం అందింది. పొగమంచులోంచి తడుస్తూ వచ్చిందేమో, సిరా కాస్త ఈదింది. అయినా చదవగలిగాం. చదవగలిగాం అని ఎందుకన్నానంటే, నా కళ్లకి పొర వచ్చింది. రాయడం రాస్తాను గానీ చదివేది మా వదిన.

ఇక్కడ పొద్దున్న లేస్తే సముద్రం ఉండదు. మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది. అందులోంచి ఎవరిదో పడవ మోత వినిపిస్తుంది. టీ పెట్టుకుని వింటూ కూర్చుంటాను. పది గంటలకి సముద్రాన్ని మళ్లీ తెచ్చి పెడతారు. ముప్పై ఒక్కేళ్లు నేను తెర ముందు కూర్చుని పోగొట్టుకున్నది ఇదీ అనిపిస్తుంది.

నీ ప్రశ్నకి నా ప్రశ్న ఒక్కటే. ముసలాయనకి తిండి ఎప్పుడు మార్చారు? నెత్తిమీద ఎడమ పక్కన ఆకుపచ్చ సంచీ ఉండాలి. కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌లు, మీద "బుద్ధిగా ఉండు" అని రాసి ఉంటుంది. ఈ దేశంలో పుట్టినదానివి, మిషన్లు మొండికేయకుండా వాటి నెత్తిన ఇది పెడతామని నీకు చెప్పాలా? అది మార్చు. అంతే.

దీవించే,
వెంగ్ చింగ్-షాన్

తా.క. చెప్పు నాది కాదు. నేను చేరిన రోజుకే ఆ డ్రాయర్లో ఉంది. ఉండనీ.

మ.తా.క. వెనక గదిలో ఆ ముసలాయన ఎవరు, తిండి మార్చకుండా అన్నాళ్లు ఎలా ఉంచారని వదిన అడుగుతోంది. మిషన్ అని చెప్పాను. నమ్మలేదు.


కీలుంగ్
మార్చి 18

వెంగ్ బాబాయ్ గారికి,

మీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక నేనే ఒక ఉపాయం చేశాను. తేదీ దాటిందంటున్నాడు కదా, దాటకుండా చూస్తే సరి అని ముసలాయన గడియారాన్ని ఏడాది వెనక్కి తిప్పాను. ముప్పై ఏడో మెట్టు చటుక్కున దాటేశాడు. బిల్డ్ అయింది. నేను కుర్చీలోంచి లేచి కాసేపు తిన్నగా నిలబడ్డాను.

నిన్న దాన్ని పరీక్షగా మీ నాన్‌గాన్ రేవు బోర్డు మీద పెట్టాం. బోర్డు చక్కగా వెలిగింది. కాకపోతే పోయినేడాది మార్చి పదిహేడు చూపించింది. "దట్టమైన పొగమంచు. ఈ రోజు పడవలు లేవు." నిన్న ఈ నెల మొత్తంలో ఒక్కటే తెరిపి రోజట. నెత్తిన ఎండ కాస్తుంటే జనం బోర్డు చదువుకుని, తల ఊపి, సామాన్లతో ఇళ్లకి వెళ్లిపోయారట. ఒక్కరంటే ఒక్కరు తలెత్తి ఆకాశం చూడలేదు. పడవ ఖాళీగా వెళ్లింది.

రేవు ఆఫీసునుంచి ఫోనొచ్చింది. యెన్ గారు నలభై నిమిషాలు "అవునండి" అన్నారు. గడియారం మళ్లీ ముందుకి తిప్పేశాను. మళ్లీ "తేదీ దాటింది".

సిగ్గుతో,
రూయ్-హాన్

తా.క. ఆ ఖాళీ పడవ గురించే ఆలోచిస్తున్నాను బాబాయ్. అంత వెలుగులో, ఎవరూ లేకుండా, ఎంత బాగుండి ఉంటుందో.


నాన్‌గాన్ దీవి
మార్చి 24

చిన్న చియెన్‌కి,

ఈ కవర్లో రెండు ఉత్తరాలుంటాయి. మొదటిది పదహారున రాసింది. అది నీకెందుకు అందలేదో విను.

త్వరగా చేరాలని పదిహేడో తారీఖున దాన్ని పట్టుకుని నేనే రేవుకి నడిచాను, పడవలో టపా సంచీలో నా చేత్తో వేద్దామని. ఎండ. వదిన గొడుగు నీడ కోసం పట్టుకుంది. బోర్డు దగ్గర జనం. వదిన చదివింది, "దట్టమైన పొగమంచు, పడవలు లేవు" అని. నాకు అంతా మసకగానే ఉంటుంది కనక నమ్మాను. వదినకి కళ్లు బాగానే ఉన్నాయి, ఆవిడెందుకు నమ్మిందో అడిగితే, "ఆఫీసువాళ్లు రాసి పెట్టాక నాదేముంది" అంది. ఇంటికొచ్చేశాం. వెనకాల పడవ కూత వినిపిస్తే మంచులో దారితప్పినదనుకున్నాం.

ఆ మర్నాటి నుంచి నిజంగానే మంచు. అంటే బోర్డు బాగుపడాలంటే నా ఉత్తరం నీకు రావాలి, ఉత్తరం రావాలంటే పడవ రావాలి, పడవ ఎక్కించాలంటే బోర్డు బాగుపడాలి. ఈ ముడి నా సర్వీసులో కూడా చూడలేదు. కోపం రావాల్సింది గానీ, రెండు రోజులుగా దాన్నే తలుచుకుని నవ్వుకుంటున్నాను.

గడియారాలు తిప్పకు. తిండి మార్చు.

వెంగ్

తా.క. జత చేసిన జాడీ వదిన పంపింది. పాత ఎర్ర బియ్యపు సారాలో వండిన సన్న సేమియా. ముసలాయనకి వేడిగా పట్టమంది. ముందు రెండు చెంచాలే, ఆపైన ఒంటికి పట్టేదాన్ని బట్టి.


కీలుంగ్
మార్చి 30

వెంగ్ బాబాయ్ గారికి,

రెండూ అందాయి. కోపగించుకోనంటే ఒక నిజం చెప్తాను. ఆ ఆకుపచ్చ సంచీని నేనే పారేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు. గది శుభ్రం చేద్దామని వెళ్లాను, దుమ్ము పట్టి ఉంది, తీసి చెత్తబుట్టలో వేశాను. వెనకాల ఏదో రాసి కూడా ఉంది. చదవలేదు. అప్పటి నుంచి ఆ గదిలోకి వెళ్లాలంటే ఎవరింట్లోనో దొంగతనం చేసినట్టుంది, అందుకే అన్నీ నా బల్ల దగ్గర్నుంచే చేస్తున్నాను.

మీరు చెప్పారని నిన్న కొత్తది కొన్నాను. కస్టమ్స్ ఆఫీసువాళ్లు వాళ్ల మిషన్లకని వీధి మొత్తంలో ఆకుపచ్చవి ఊడ్చుకుపోయారు. పసుపుపచ్చ దొరికింది. తలుపు కాస్త తెరిచి, కళ్లు మూసుకుని, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి ముసలాయన నెత్తిన పెట్టాను. ఏమీ జరగలేదు. "తేదీ దాటింది."

బాబాయ్ గారూ, మీరంటే గౌరవం. కానీ అది పఫ్‌ల సంచీ. నేను అడుగుతున్నది ముప్పై ఏడో మెట్టు గురించి. మీరేమో రెండు ఉత్తరాల్లోనూ తిండి గురించే రాశారు. ఇంకా ఇరవై రోజులే ఉంది. నిన్న యెన్ గారు గోడమీది మనందరి ఫోటో దించి దుమ్ము తుడిచి మళ్లీ పెట్టారు. చూస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

రూయ్-హాన్

తా.క. సేమియా యెన్ గారు తినేశారు. ఒంటికి బాగానే పట్టిందన్నారు.


నాన్‌గాన్ దీవి
ఏప్రిల్ 6

చిన్న చియెన్‌కి,

పసుపుపచ్చా?

వదిన ఆ మాట చదివాక నేను బయటికి వెళ్లి కాసేపు మంచులో నిలబడి వచ్చాను. మిషను మీద వెలిగే దీపం ఆకుపచ్చగా ఉంటే పని బాగున్నట్టు, పసుపైతే ప్రమాదమని చెప్పినట్టు. నువ్వు ముసలాయన నెత్తిన ప్రమాదాన్ని తెచ్చి పెట్టావు. అదీ కళ్లు మూసుకుని.

సరే, తప్పు నాది కూడా. నీకు తెలుసనుకున్నాను. నేను మాట్లాడుతున్నది ముప్పై ఏడో మెట్టు గురించే, మొదటి నుంచీ. అది చూసేది ఆ సంచీ మీది తేదీనే. సంచీ మార్చినప్పుడల్లా కొత్త దాని గడువు తేదీ ముసలాయనకి చెప్పాలి. 'వంటగది' అనే ఫోల్డర్లో 'ముసలాయన తిండి' అని ఒక ఫైలుంటుంది. అందులో చివర తేదీ కొట్టు, పక్కన నీ పేరు. నీ బల్ల దగ్గర్నుంచి కుదరదు, ఆ గదిలో ఉన్న కీబోర్డు మీదే కొట్టాలి. నేను సెప్టెంబరులో పెట్టిన సంచీ గడువు ఫిబ్రవరి ఆఖరుకి అయిపోయింది. ఆయన అన్నది అదే. ఇదంతా ఆ సంచీ వెనకాల రాసి పెట్టాను, నువ్వు చెత్తబుట్టలో వేసినదాని వెనకాల.

లోపలికి వెళ్లు. కళ్లు తెరిచి వెళ్లు. వెళ్లినదానివి ఒకసారి పైకప్పు కూడా చూడు.

వెంగ్

తా.క. నువ్వు ముసలాయన్ని గదిలో పెట్టి తలుపు సందులోంచి చెయ్యి మాత్రం పెట్టి తిండి ఇస్తున్నావని విన్నాక వదిన సంక్షేమ ఆఫీసుకి ఉత్తరం మొదలుపెట్టింది. వెంటనే ఆయన ఫోటో పంపు.


కీలుంగ్
ఏప్రిల్ 14

బాబాయ్,

అయింది.

ఆకుపచ్చ సంచీ కోసం బస్సెక్కి రెండు ఊళ్లు తిరిగాను. కళ్లు తెరిచే లోపలికి వెళ్లాను. ఆ ఫైలు నేను ఇదివరకే చూశాను బాబాయ్. ఆఫీసు మధ్యాహ్నం భోజనాల ఆర్డర్లనుకుని మూసేశాను. తెరిస్తే తేదీల కింద తేదీలు, పక్కన మీ పేరు, మీ పేరు, మీ పేరు, ఒక పేజీ నిండా. చివర నా పేరు కొట్టాను. బయటికొచ్చి బిల్డ్ పెట్టాను. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ఆ తరవాతవి లెక్కపెట్టలేదు, కళ్లు మసకబారాయి. నిన్న అన్ని రేవుల్లోనూ వేసవి వేళలు వెలిగాయి. రేవు ఆఫీసు మన కాగితాల మీద మరో మూడేళ్లకి ముద్ర వేసింది. ఏడుగురం ఏడుగురమే.

పైకప్పు చూశాను. వాన నీరు కప్పులోంచి ఊరి, ముసలాయనకి జానెడు దూరంలో బొట్లు బొట్లుగా పడుతోంది. ఇంకో వారం ఎవరూ వెళ్లకపోతే ఆయన మీదే పడేది. వెంటనే మేస్త్రీని పిలిపించాం. ఇప్పుడర్థమైంది. ఆ గదిలోకి ఆరు నెలలకోసారి ఎవరో ఒకరు వెళ్లి చూడాలని మీరా మెట్టు కట్టారు, అవునా? ఎంత ముందుచూపు.

యెన్ గారు దాన్ని తీసేద్దామంటున్నారు. నేను ఒప్పుకోలేదు. కానీ ఒక్కటి అడగాలి. అది ఏ తేదీ కొట్టినా ఒప్పుకుంటుంది కదా? సంచీ కొనకపోయినా, వందేళ్ల తరవాతి తేదీ కొట్టేస్తే మళ్లీ జన్మలో అడగదు కదా?

మీ రూయ్-హాన్

తా.క. ముసలాయన ఫోటో జత చేశాను. వదినగారికి చూపించండి.


నాన్‌గాన్ దీవి
ఏప్రిల్ 21

చిన్న చియెన్‌కి,

నిన్న అమ్మవారి పల్లకీ రేవుకి వచ్చింది. మంచు తీసేసింది. బోర్డు ఎలా ఉందని అడిగితే వదిన ముందు ఆకాశం చూసి, ఆ తరవాత బోర్డు చదివింది. రెండూ కలిశాయంది. ఆ బోర్డు కింద నిలబడి చాలాసేపు జనం పడవెక్కడం విన్నాను. సంతోషంగా ఉంది.

నా ముందుచూపుని మెచ్చుకున్నావు. ఇక నీ దగ్గర దాచకూడదు. ఆ మెట్టు నేను కట్టలేదు. దాని పక్కన వాక్యం కూడా నాది కాదు, కింద సంతకం మాత్రమే నాది. నేను చేరిన మొదటి వారంలోనే అది నా ముందు కూడా "తేదీ దాటింది" అని కూర్చుంది. నాకు ముందు పనిచేసిన హో గారు అప్పటికే కొండ మీద ఊళ్లో టీ తోట చూసుకుంటున్నారు. ఉత్తరం రాశాను. ఆయనా నాలుగు ఉత్తరాలదాకా తిండి గురించే రాశారు. ఆయన రోజుల్లో అది రెండు కమలాపండ్లట. వారం వారం మార్చేవారట. నేను సంచీకి మార్చాను, ఆరు నెలలు ఉంటుందని. ఈ ముప్పై ఒక్కేళ్లలో నా సొంత కృషి అదొక్కటే. మెట్టు ఎవరు కట్టారని అడిగితే హో గారు తనకి ముందున్న ఆయన పేరు రాశారు, ఆయన్ని అడిగితే తెలియదన్నారని కూడా రాశారు. నాలుగుసార్లు మిషన్ మారింది. ప్రతిసారీ ఎవరూ ముట్టుకోకుండా దాన్ని కొత్తదాంట్లోకి జాగ్రత్తగా మోశాం.

నీ రెండో ప్రశ్న. అవును, ఏ తేదీ కొట్టినా ఒప్పుకుంటుంది. చేరిన ఏడాదే నాకు తెలుసు. హో గారికీ తెలుసు. ఒక్కరం కూడా కొట్టలేదు.

నువ్వు రిటైరయ్యాక టపా ఆలస్యంగా వచ్చే ఊరు చూసుకో. నీ తరవాత వచ్చే పిల్ల ఉత్తరం రాస్తుంది.

నీ
వెంగ్ బాబాయ్

తా.క. వదిన ఫోటో చూసింది. బాగా చిక్కిపోయాడంది. ఇంకో జాడీ పంపుతోంది.

మ.తా.క. ఒకటి రాయడం మర్చిపోయాను. హో గారి కమలాపండ్లని నేనూ మొదటి రోజే పారేశాను.

ఇంకో మాట. నిన్న రేవులో నిలబడి ఉండగా తట్టింది. ఆ చెప్పుని కుర్చీ ఎడమ కాలు కింద పెట్టి చూడు. ముప్పై ఒక్కేళ్లూ నేను ఒరిగే కూర్చున్నాను.